తేళ్ళ హవల్దారు

ప్రతి నవంబరులో మాలాంటి పెన్షనర్లు బ్యాంకుకి వెళ్ళి, తాము బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రావాలి. మొన్న ఆ పని మీద పద్మారావు నగర్‌లో వరుసలో కూర్చుని ఉండగా పక్క కుర్చీలోని మనిషి నా వంక రెండుసార్లు చూశాడు. మిలిటరీలో చేసి వచ్చినాయనని కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. మా గల్లీ పేరు చెప్పి, అక్కడే కదా ఉండేది అని అడిగాడు. అవునన్నాను.

“మీ బిల్డింగుల మీది రూముల ఉంటుండె గదా సార్, తేళ్ల హవల్దార్. పోయిండు. బొల్లారంల, మేనల్లుని ఇంట్ల. ఇరవై దినాలు సుత కాలే.”

ఇంతలో నా నంబరు పిలిచారు. లేచి వెళ్ళి యంత్రం మీద వేలు పెట్టాను. మొదటిసారి తీసుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నారు. తిరిగి వచ్చేసరికి ఆ మనిషి వేరే కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆయన మా బిల్డింగులో ఉన్న రోజుల డైరీలు తీశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ రాస్తున్నాను. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి, ఏదైనా రాసి పెట్టుకోకపోతే నిద్ర పట్టదు. ఆ డైరీల్లో మా ఓవర్‌హెడ్ ట్యాంకులో ఏ పూట ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో ఉంది. మెట్లెక్కుతూ నేను ఎన్నిసార్లు ఆగానో ఉంది. “సాయంత్రపు మందు, ఏడు మిల్లీలీటర్లు” అని ఏడాదిన్నర పాటు రోజూ ఉంది. ఆయన మాత్రం లేడు. ఒక్క పేజీలోనూ హవల్దారు అన్న మాట నేను రాయలేదు. అది మరపు కాదు. ఎవరైనా చదివితే అన్న భయం.

మా మూడంతస్తుల బిల్డింగు పైన, ట్యాంకు పక్కన, ఒక గది ఉంది. అసోసియేషన్ తరఫున అద్దెకిస్తాం. ఆయన అందులో ఉండేవాడు. సన్నటి మనిషి. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా, లేసులు కట్టిన బూట్లు. కుడిచెయ్యి ఎప్పుడూ సన్నగా వణికేది. టీ గ్లాసు పట్టుకుంటే రెండు చేతులతో పట్టుకునేవాడు, చలికాలం కాకపోయినా చలి కాచుకుంటున్నట్టు కనిపించేది.

నేను మొదటిసారి పైకి వెళ్ళింది నిజంగా ట్యాంకు చూడటానికే. అప్పటికే నా మోకాళ్ళు పాడయ్యాయి. దిగేటప్పుడు గోడ పట్టుకుని ఒక పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతున్నాను. వెనక నుంచి మాట వినిపించింది.

“సార్, ఎండ్రకాయ నడక నడుస్తున్నరు.”

తిరిగి చూశాను. నవ్వడం లేదు. డాక్టరు చూసినట్టు మోకాళ్ళ వైపే చూస్తున్నాడు.

“రాన్రి లోపటికి. జెర కూసోన్రి. ఒక మాట అడుగుత, నిజం చెప్పాలె. మీరు తాగుతరా?”

“లేదండీ.”

“ఎన్నడన్న?”

“మా తోడల్లుడి ఇంట్లో పెళ్ళిలో ఒకసారి బీరు ఇచ్చారు. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశాను.”

“ఎన్నేండ్లాయె?”

“ముప్పై ఏళ్ళు దాటింది.”

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. “అయితే నడుస్తది” అన్నాడు.

అప్పుడు చూపించాడు. కిటికీ కింద చెక్క మీద అయిదు గాజు సీసాలు, మనం ఆవకాయ పెట్టుకునేలాంటివి. లోపల తేనెరంగు ద్రవం. అడుగున, ఒకదాని మీద ఒకటి పడుకుని, కొండీలు వంచుకుని, నల్లటి మండ్రగబ్బలు. ఒక్కొక్కటి నా అరచేయంత ఉంది. నేను లేవబోయాను.

“కూసోన్రి సార్. అవి ఇప్పుడు మీకంటె నెమ్మది.”

ఈ విద్య ఆయనకు ఈశాన్య సరిహద్దులో పోస్టింగు ఉన్నప్పుడు అబ్బింది. చెక్‌పోస్టు పక్క ఊళ్ళో ఒక ముసలమ్మ తన భర్త కీళ్ళనొప్పులకని బియ్యం సారాలో పెద్ద పెద్ద కందిరీగలను ఊరబెట్టేదట. ఈయన సెలవురోజుల్లో వెళ్ళి ఆమెకు కట్టెలు కొట్టి పెట్టి నేర్చుకున్నాడు. “గాడ కందిరీగ, ఈడ తేలు. ఏ ఊరి నొప్పికి ఆ ఊరి పురుగు సార్” అనేవాడు. తొలకరి పడగానే బొల్లారం వైపు రాళ్ళగుట్టల్లోకి పటకారు తీసుకుని పోయేవాడు. నల్లవే తెచ్చేవాడు. ఎర్రవాటిని ముట్టేవాడు కాదు, అవి చిన్నవి, దుడుకువి అనేవాడు. తెచ్చినవాటిని మూతికి గుడ్డ కట్టిన కుండలో నాలుగు రోజులు ఉపవాసం ఉంచేవాడు. తరవాత ఒక్కొక్కటీ కడిగి, క్యాంటీన్‌లో తన కోటాకు వచ్చిన రమ్ములో వేసి, శొంఠి, మిరియాలు చేర్చి మూత బిగించేవాడు. ఇక ఏడాది దాకా తీసేది లేదు.

సీసా తెరిచే ముందు బూట్లు విప్పేవాడు. మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు, ఆఫీసరు గది తలుపు తట్టినట్టు. ఎందుకని అడిగితే, “లోపటోళ్లకు చెప్పాలె గదా” అన్నాడు. మందు ఇచ్చేది ఒక్క మూత. మూతను రెండు చేతులతో పట్టుకుని చుక్క ఒలక్కుండా నా చేతికి అందించేవాడు. అది పుచ్చుకుని నిలబడే తాగాలి. నేను ఆ మూతను ఇంటికి తెచ్చి కొలిచాను, ఏడు మిల్లీలీటర్లు పట్టింది. ఆయన తన నోట ఒక్కనాడూ వేసుకోలేదు. సర్వీసులో కూడా తాగలేదట.

“తాగుబోతుకు ఇది రమ్మే సార్. ఎంత పోసినా రమ్మే. ఎన్నడు తాగనోని ఒంట్లనే దవా అయితది” అనేవాడు. ఆ నియమం తప్పేవాడు కాదు. మా గల్లీ చివర ఆటోలు నడిపేవాళ్ళు వచ్చి బతిమాలినా ఇచ్చేవాడు కాదు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు, ఒక ఖాళీ గాజు సీసా కడిగి తెచ్చిస్తే చాలు.

ఈ నియమం వల్ల జరిగిందేమిటంటే, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా చుక్క ముట్టని పెద్దమనుషులే అయ్యారు. అంటే బయటికి చెప్పుకోలేనివాళ్ళు. నేను ప్రతి శనివారం ఉపవాసం ఉండేవాణ్ణి. మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేసి స్థిరపడినాయన, మాల వేసుకునేవారు. రెండో అంతస్తులో రిటైరైన టీచరమ్మగారు ఉల్లిపాయ కూడా తినేవారు కాదు. సాయంత్రం ఆరు దాటితే ఒక్కొక్కరూ ఇంట్లో “ట్యాంకు చూసొస్తా” అని చెప్పి పైకి వచ్చేవాళ్ళం. మెట్ల మీద ఒకరికొకరు ఎదురైతే నీళ్ళ గురించే మాట్లాడుకునేవాళ్ళం.

“ఎంతుందండీ?”

“సగానికి పైనే ఉంది. మీరు కూడా ఒకసారి చూడండి.”

టీచరమ్మగారి కొంగు కింద స్టీలు గ్లాసు ఉండేది. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి నాకు ట్యాంకు చూసే హక్కు అందరికన్నా ఎక్కువ.

మా ఆవిడకు వాసన తగిలి అడిగితే హోమియోపతి అని చెప్పాను. “హోమియోపతి ఇంత ఘాటుగా ఉంటుందా?” అంది. కొత్త కంపెనీ అన్నాను.

పని చేసిందా అంటే తూచి చెప్పలేను. మెట్ల మీద నాలుగుసార్లు ఆగేవాణ్ణి, ఆర్నెల్లకు ఒకసారి ఆగాను. మందు గుణమో, రోజూ మూడో అంతస్తులోని మా ఇంటి నుంచి పైకి ఎక్కి దిగిన గుణమో, ఆయనతో పావుగంట కూర్చున్న గుణమో నాకు తెలియదు.

ఆయనకు నేను చేసిన ఉపకారం ఒక్కటే. సీసాలకు చీటీలు రాశాను. ఆయన చెయ్యి వణికేది కనక తన రాత తనకే అర్థమయ్యేది కాదు. “తేలుది ఏం లేదు సార్, అంత వక్తుదే. దినం తప్పితే దవా తప్పినట్టే” అనేవాడు. నేను గుండ్రటి అక్షరాలతో మొదలుపెట్టిన తేదీ, తీయవలసిన తేదీ రాసి ఒక్కో సీసాకూ అంటించాను. అవే తేదీలు నా డైరీలోనూ వేసుకున్నాను. ఆయన ఆ చీటీని వెలుతురుకు పట్టి, “సర్కారీ రాత” అని మురిసిపోయాడు.

ఆ ఏడు వానలకు మొదటి అంతస్తు మెట్ల మీద తేలు కనిపించింది. కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి చూసింది. వాళ్ళ చంటిపాప దాని పక్కనే పాకుతోందట. ఆ అమ్మాయి భయపడటంలో ఏ తప్పూ లేదు. వాచ్‌మన్ దాన్ని చంపి డబ్బామూతలో పెట్టి అందరికీ చూపించాడు. ఎర్రది. చిటికెనవేలంత కూడా లేదు. వానలకు గోడల్లోంచి వచ్చే రకం. ఆయన ముట్టని రకం. డబ్బామూతను నేను చూశాను, ప్రెసిడెంటుగారు చూశారు, టీచరమ్మగారు చూశారు. ముగ్గురం ఏమీ అనలేదు.

ఆదివారం సాయంత్రం పార్కింగులో మీటింగు పెట్టారు. పైగదాయన్ని ఖాళీ చేయించాలా వద్దా అన్నది విషయం. ఆ ఉదయం నేను పైకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచకుండా రాయాలి. ఆయనకు ధైర్యం చెప్పడానికి కాదు. మీటింగులో ఎవరైనా పైకి వచ్చి సీసాలు చూస్తే వాటి మీద నా రాత ఉంది. జేబులో బ్లేడు, చేతిలో తడిగుడ్డ పెట్టుకుని వెళ్ళాను.

చెక్క మీద అయిదు సీసాలూ చీటీలు లేకుండా ఉన్నాయి. కింద బకెట్టు నీళ్ళలో కాగితాలు తేలుతున్నాయి, సిరా కరిగి నీళ్ళు నీలంగా అయ్యాయి.

“మీ రాత ఏడ లేదు సార్, ఫికర్ జెయ్యకున్రి” అన్నాడు. “మంచిగుండె రాత. పాడు జేసిన.”

“మరి ఏది ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది?”

“ఇగ తెలిసి ఏం జేస్తం.”

ఆ తేదీలన్నీ నా డైరీలో ఉన్నాయి. కింద మా ఇంట్లో, బీరువాలో. ఆ మాట అనడానికి నోరు తెరవలేదు. నాకు అప్పుడు కలిగింది నిశ్చింత. ఆయన నా చేతిలోని తడిగుడ్డ చూశాడు.

“గుడ్డ తెచ్చిన్రా? ఆడ పెట్టున్రి. కిటికి తుడుస్త.”

పెట్టి వచ్చేశాను.

మీటింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆయన్ని కూర్చోమన్నా కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“చూడండి హవల్దార్ గారూ,” అన్నారు ప్రెసిడెంటుగారు, “పిల్లలున్న కొంప ఇది. మీరేమో పైన తేళ్ళు పెంచుతున్నారు.”

“పెంచుతలేను సార్. గా తేలు నల్లది గాదు, ఎర్రది. నా దగ్గర ఎర్రవి ఉండయ్.”

“తేలు తేలేనండీ, రంగులెందుకు? పైగా సారా. ఎవరి కోసమండీ అదంతా? మీ దగ్గరికి ఎవరొస్తారు? పేర్లు చెప్పండి, వాళ్ళ సంగతి కూడా చూద్దాం.”

ఆ మాట ఆయన ఎందుకు అడిగారో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ మాట ముందు తానే అడిగేస్తే తన మీద అనుమానం రాదనుకున్నారేమో. హవల్దారు ఆయన వైపు చూశాడు. టీచరమ్మగారి వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకున్నారు. నా వైపు చూశాడు. నేను మినిట్స్ పుస్తకంలోకి చూస్తున్నాను.

“ఎవ్వరు రారు సార్” అన్నాడు. “అంత నేనే తాగుత.”

“రోజూనా?”

“రోజు.”

మొదటి అంతస్తు అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. పై గదిలో ఒంటరిగా ఉండేది తాగుబోతు అని అప్పటిదాకా ఆమెకు తెలియదు మరి. ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగి, రాయండి అన్నారు. రాశాను. “తాను ప్రతిరోజూ మద్యం సేవిస్తున్నట్టు సదరు వ్యక్తి సభ ముందు అంగీకరించాడు. నెలాఖరులోగా గది ఖాళీ చేయుటకు సమ్మతించాడు.” పైకి చదివాను. పుస్తకం ఆయన ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని సంతకం పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు.

“చూశారా చెయ్యి ఎలా వణుకుతోందో” అన్నారు ప్రెసిడెంటుగారు నెమ్మదిగా. “పొద్దున్నే పడి ఉంటుంది.”

ఆ వణుకు తాగుడుది కాదని నాకు తెలుసు, దాని మూలంగా చీటీలు రాసింది ఎవరో కూడా తెలుసు. పుస్తకం మూశాను.

ఇంట్లో మా ఆవిడ అడిగింది.

“ఆయన తాగుతాడటగా? నిజమేనా?”

“ఒప్పుకున్నాడు.”

“మీరు చూశారా తాగడం? రోజూ పైకి వెళ్తారుగా.”

“సంతకం పెట్టాడు.”

ఆ రాత్రి డైరీలో “సాయంత్రం అసోసియేషన్ మీటింగు, గంటా పావు” అని రాసుకున్నాను.

ఆయన వెళ్ళేరోజు సీసాలన్నీ పైన తూములో పారబోశాడు. రెండు రోజులు బిల్డింగంతా రమ్ము, శొంఠి వాసన కొట్టింది. అందరం ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని ఛీ అనుకున్నాం. సామాను తీసుకుపోవడానికి మేనల్లుడు ట్రాలీ ఆటో తెచ్చాడు. ప్రెసిడెంటుగారు అతన్ని పక్కకు పిలిచి, “మామగారిని కాస్త కనిపెట్టుకోండి, తాగుడు ఎక్కువ” అని చెప్పి మినిట్స్ పేజీ జిరాక్స్ చేతిలో పెట్టారు. జిరాక్స్ తీయించింది నేనే, మూలకు పిన్ను కొట్టి ఇచ్చాను. హవల్దారు ఆటోలో ముందు కూర్చుని, రెండు బూట్లూ దగ్గరగా పెట్టుకుని, తిన్నగా చూస్తూ వెళ్ళిపోయాడు. ఆ తరవాత సాయంత్రాలు ట్యాంకు చూడటానికి ఎవరూ పైకి వెళ్ళలేదు. మరుసటి వేసవిలో అది రెండుసార్లు పొంగి పొర్లింది.

ఇది జరిగి ఆరేళ్ళు. బొల్లారం మాకు ఎంతో దూరం కాదు. వెళ్ళలేదు. మొదట్లో సిగ్గుపడి వెళ్ళలేదు, తరవాత ఇన్నాళ్ళు వెళ్ళనందుకు సిగ్గుపడి వెళ్ళలేదు.

బ్యాంకులో ఆ మాట విన్న తరవాతి ఆదివారం వెళ్ళాను. చిన్న డాబా ఇల్లు. వరండాకు ఒక పక్క చెక్కలు కొట్టి గదిలా చేశారు, అందులో ఉండేవాడట. మేనల్లుడు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. లోపల ఫోటోకు దండ. యూనిఫాంలో చాలా చిన్నవయసు.

“మా మామ మంచోడు సార్” అన్నాడు. “తాగుడొక్కటే ఉండె. అది సుత మా ఇంటికొచ్చినంక బంద్ జేయిపిచ్చినం.”

అతని భార్య గుమ్మంలో నిలబడి అందుకుంది. “మొదటి దినమే చెప్పిన సార్, పిల్లలున్న ఇల్లు, చుక్క ముట్టొద్దని. సరే బిడ్డా అన్నడు. గంతే. ఆరేండ్లు ముట్టలే. అయినా నాకు లోపల భయమే. పిల్లలను ఆయన దగ్గరికి ఎక్కువ పోనియ్యలే.”

“ఎన్నేండ్ల అలవాటు ఒక్కదినంల ఇడిషిండు సార్. మిలిటరీ మనిషి గదా, గంత పట్టుదల” అన్నాడు అతను. గర్వంగానే అన్నాడు. “చేతులు వణుకుడు మాత్రం పోలే. తాగి తాగి నరాలు పోయినయ్, ఏం జేస్తం.”

అప్పుడు చెప్పాను. ఆయన జన్మలో తాగలేదని, తాగినవాళ్ళం మేమని, ఏడాదిన్నర పాటు రోజూ ఆయన చేతుల మీదుగా నేను తాగానని, ఆ కాగితం రాసింది నేనేనని, అది అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసునని చెప్పాను. చెయ్యి వణుకు ముందునుంచీ ఉన్నదేనని చెప్పాను. వరసగా, తప్పకుండా చెప్పడం నాకు అలవాటే.

అతను నన్నే చూస్తూ విన్నాడు. తరవాత భార్య వైపు తిరిగాడు.

“చూసినవా? దోస్తు మీది నింద తన మీద ఏసుకుంటున్నడు.”

“కాదయ్యా, నిజం చెప్తున్నాను. నేను తాగాను.”

“ఉండనియ్యున్రి సార్” అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. “పోయినోళ్ల గురించి గిట్ల చెప్పెటోళ్లు ఎవరున్నరు ఈ రోజుల్ల. మిమ్ములను చూస్తే తెలుస్తలేదా, మీరు తాగెటోళ్లా?”

మళ్ళీ చెప్పబోయాను. అతను నా చేతులు పట్టుకున్నాడు. గల్లీ చివరి దాకా నా మోచెయ్యి పట్టుకుని నడిపించాడు, దారిలో మెట్టు వస్తే ఆగి, జాగ్రత్త సార్ అన్నాడు. ఆటో కోసం నిలబడ్డచోట కిరాణా షాపాయన ఎవరని అడిగాడు.

“మామ దోస్తు. పద్మారావు నగర్ నుంచి వచ్చిన్రు. గంత పెద్దమనిషి, తాగుబోతని చూడకుంట ఇంటిదాంక వచ్చిన్రు” అని చెప్పాడు.

షాపాయన చేతిలో పని వదిలి లేచి నాకు దండం పెట్టాడు. నేనూ తిరిగి దండం పెట్టి ఆటో ఎక్కాను.